సైన్యాలు మోసుకొచ్చిన స్వేచ్ఛ

2025 అక్టోబర్ 10న న్యూఢిల్లీలోని అఫ్గానిస్తాన్ రాయబార కార్యాలయంలో తాలిబన్ ప్రభుత్వ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ విలేకరుల సమావేశం జరిపాడు. మహిళా విలేకరులను లోపలికి రానివ్వలేదు. ఆ సమావేశంతో తనకు సంబంధం లేదని మన విదేశాంగ శాఖ చేతులు దులుపుకుంది. గొడవ పెద్దదయ్యాక రెండు రోజులకు మరో సమావేశం పెట్టి మహిళలను పిలిచారు. అదే పర్యటనలో, కాబూల్‌లోని మన కార్యాలయానికి పూర్తి స్థాయి రాయబార హోదా ఇస్తున్నట్టు భారత ప్రభుత్వం ప్రకటించింది.

అఫ్గాన్ స్త్రీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మధ్య రెండు మాటలు వినిపిస్తుంటాయి. "వాళ్ల సమాజమే అంత. అమెరికా అంతటిది ఇరవై ఏళ్లు కూర్చున్నా మార్చలేకపోయింది" అనేది మొదటిది. "అమెరికా సైన్యం ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లు బాగున్నారు, వెళ్లిపోయి కొంప ముంచింది" అనేది రెండోది. ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. రెండింటిలోనూ అఫ్గాన్ స్త్రీకి సొంత చరిత్ర లేదు. మొదటి మాటలో ఆమె సంప్రదాయానికి శాశ్వత బందీ. రెండో మాటలో పరాయి సైనికుడు వచ్చి విడిపించాల్సిన బందీ. ఆమె తనంతట తాను ఏమి కోరుకుంది, ఏమి సాధించుకుంది, దాన్ని ఎవరు ఎప్పుడు లాగేసుకున్నారు అన్న ప్రశ్నలు ఈ చర్చలోకి రావు. ఆ ప్రశ్నలు వేసుకుంటే తప్ప విదేశీ సైన్యాలు సమాజాలను ఎందుకు మార్చలేవో అర్థం కాదు.

స్త్రీల ఉద్ధరణ పేరుతో పరాయి పాలనను సమర్థించుకోవడం 2001లో మొదలైంది కాదు. ఈజిప్టులో బ్రిటిష్ పెత్తనానికి ప్రతినిధిగా 1883 నుంచి 1907 దాకా ఉన్న లార్డ్ క్రోమర్ అక్కడి స్త్రీల పరదాను ఆ సమాజపు వెనుకబాటుకు రుజువుగా చూపించాడు. అదే పెద్దమనిషి ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వరాదని పోరాడే మగవాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1958 మే నెలలో అల్జీర్స్ నగరంలో ఫ్రెంచి సైన్యం ప్రోద్బలంతో అల్జీరియా స్త్రీల ముసుగులు నలుగురిలో తొలగించే తంతు జరిగింది. స్వాతంత్ర్యం కోరిన అల్జీరియన్లను అదే సైన్యం ఆ రోజుల్లోనే చిత్రహింసలు పెడుతోంది. దాని ఫలితంగా, అంతకుముందే ముసుగు వదిలేసిన స్త్రీలు కూడా కొందరు మళ్లీ కప్పుకున్నారు. పరాయివాడు తీయమన్నాడు కాబట్టి ఆ గుడ్డ స్వాతంత్ర్య జెండా అయి కూర్చుంది.

మనకూ ఇది తెలియని అనుభవం కాదు. 1927లో అమెరికన్ రచయిత్రి కాథరిన్ మేయో 'మదర్ ఇండియా' అనే పుస్తకం రాసి, మన బాల్యవివాహాలనూ బాలింతల కష్టాలనూ ఏకరువు పెట్టి, ఇలాంటి వాళ్లకు స్వపరిపాలన ఎందుకని వాదించింది. ఆ కష్టాలు అబద్ధాలు కావు. వాటికి ఆమె చెప్పిన మందే అబద్ధం. ఆ రోజుల్లోనే అఖిల భారత మహిళా సభ బాల్యవివాహాలను నిషేధించాలని ఉద్యమించి 1929లో శారదా చట్టం సాధించడంలో ముఖ్య పాత్ర వహించింది. ఛాందసులకు కోపం వస్తుందని వెనకాడి ఆ చట్టాన్ని సరిగా అమలు చేయనిది బ్రిటిష్ ప్రభుత్వమే. తన పాలనకు ఉపయోగపడినంతవరకే పరాయి రాజ్యానికి స్త్రీల మీద జాలి ఉంటుందని మన ముందు తరం స్త్రీలు అప్పుడే గ్రహించారు.

ఇక అఫ్గానిస్తాన్ సంగతి. 1839లో షా షుజాను కాబూల్ గద్దె మీద కూర్చోబెట్టడానికి ఈస్టిండియా కంపెనీ సైన్యం వెళ్లింది. అందులో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. 1842 జనవరిలో ఆ సైన్యం కాబూల్ వదిలి బయలుదేరితే, సేవకులతో సహా సుమారు 16 వేలమంది ఉన్న ఆ గుంపులో అత్యధికులు మంచు కనుమల్లోనే చచ్చిపోయారు. కొద్ది నెలలకే షా షుజా హత్యకు గురయ్యాడు. విదేశీ సైన్యం గద్దెనెక్కించిన పాలకుడు ఏమి చేసినా అది విదేశీయుల పనిగానే జనం చూస్తారన్నది ఆ దేశం అప్పుడే చెప్పిన సంగతి. తరవాత వచ్చినవాళ్లు దాన్ని వినలేదు.

అఫ్గాన్ స్త్రీల హక్కుల కథ మొదలైంది మాత్రం విదేశీ సైన్యం లేని కాలంలో. 1919లో బ్రిటిష్ వారి నుంచి పూర్తి స్వాతంత్ర్యం సాధించిన అమానుల్లా కాలంలోనే, 1921లో, కాబూల్‌లో బాలికల పాఠశాల తెరిచారు. అదే ఏడాది రాణి సొరయా, ఆమె తల్లి అస్మా రస్మియా చొరవతో 'ఇర్షాద్-ఎ-నిస్వాన్' అనే స్త్రీల పత్రిక వెలువడింది. స్త్రీల పత్రిక నడపడం ఎంత కష్టమో తెలిసిన మనకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. అమానుల్లా 1929లో గద్దె దిగాల్సి వచ్చింది. పన్నుల భారం మీద, నిర్బంధ సైనిక సేవ మీద జనంలో ఉన్న అసంతృప్తిని ముల్లాలు ఆడవాళ్ల చదువు మీదికీ దుస్తుల మీదికీ తిప్పారు. పల్లెలో పట్టు లేకుండా పైనుంచి దింపిన సంస్కరణ స్వదేశీ రాజు చేసినా నిలవదని అది నేర్పిన పాఠం.

ఆ పాఠం తరవాత అడుగులు నెమ్మదిగా పడ్డాయి. 1959లో స్వాతంత్ర్య దినోత్సవ వేదిక మీద రాజకుటుంబ స్త్రీలు ముసుగు లేకుండా కనిపించారు. ముసుగు తీయాలని చట్టం చెయ్యలేదు, ఎవరిష్టం వాళ్లదని వదిలేశారు. 1964 రాజ్యాంగం స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. 1965 ఎన్నికల్లో నలుగురు స్త్రీలు దిగువ సభకు గెలిచారు. ఒక స్త్రీ ఆరోగ్య మంత్రి అయింది. ఇదంతా ప్రధానంగా పట్టణాలకు, చదువుకున్న కుటుంబాలకు పరిమితమైన మార్పే. అయినా దీని వెనక ఏ విదేశీ సైన్యమూ లేదు. కాబట్టి దీన్ని ఎదిరించిన ముల్లా దేశభక్తుడి వేషం వేయలేకపోయాడు.

1978 ఏప్రిల్‌లో సైనిక కుట్రతో అధికారానికి వచ్చిన అఫ్గాన్ కమ్యూనిస్టు పార్టీ ఈ నిదానాన్ని సహించలేదు. అక్టోబర్‌లో ఏడవ నెంబరు ఆజ్ఞ జారీ చేసింది. కన్యాశుల్కం 300 అఫ్గానీలకు మించరాదు. ఆడపిల్లకు 16 ఏళ్లు, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయరాదు. బలవంతపు పెళ్లి నేరం. మాటలుగా చూస్తే ఇందులో మనం కాదనేది ఒక్కటీ లేదు. కన్యాశుల్కం అన్న మాట వింటేనే మన తెలుగువాళ్లకు ఆ దురాచారమంతా కళ్లకు కడుతుంది. కానీ అఫ్గాన్ పల్లెలో ఆ సొమ్ము రెండు కుటుంబాల మధ్య అప్పుతో, భూమితో, పరువుతో, తగాదాల పరిష్కారంతో పెనవేసుకుపోయి ఉంది. వాటిలో దేనికీ ప్రత్యామ్నాయం చూపకుండా ఒక్క ముడిని కత్తిరించబోయారు. వడ్డీ వ్యాపారి అప్పులు రద్దు చేశారు గాని విత్తనానికి అప్పిచ్చే బ్యాంకు పెట్టలేదు. భూమి పంచారు గాని నీటి సంగతి చూడలేదు. వయోజన విద్య అన్నారు గాని పల్లెల్లో ఆడవాళ్లను బలవంతంగా తరగతులకు తరలించారు. ఎదురు చెప్పినవాళ్లను జైళ్లలో వేసి చంపారు. 1979 మార్చిలో హేరాత్‌లో పెద్ద తిరుగుబాటు లేచింది. ఆ ఏడాది డిసెంబర్ చివరి వారంలో సోవియట్ సైన్యం దిగింది.

చదువు చెప్పడమే తప్పా అని ఎవరైనా అడగవచ్చు. 1990ల తొలినాళ్లలో మన నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమాన్ని గుర్తు తెచ్చుకుంటే జవాబు దొరుకుతుంది. సాయంత్రం పనులు ముగించుకుని వచ్చిన కూలి ఆడవాళ్లు ఆ తరగతుల్లో తమ బతుకు గురించే చదువుకున్నారు. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదికి వెళ్లింది తమ నిర్ణయంతో. ఎవరూ వాళ్లను తుపాకితో తోలుకురాలేదు. పలకా బలపం రెండు చోట్లా ఉన్నాయి. తరగతి ఎవరిదన్నదే తేడా.

సోవియట్ సైన్యం దిగిన రోజు నుంచి అఫ్గాన్ స్త్రీల చదువు, ఉద్యోగం, వివాహ వయసు అన్నీ శత్రువు సరుకుల జాబితాలో చేరిపోయాయి. అప్పటిదాకా తన కూతుర్ని బడికి పంపాలా వద్దా అని ఊగిసలాడే తండ్రి ఎదుట ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. దేశం వైపా, దురాక్రమణదారు వైపా అన్నది అసలు ప్రశ్న అయింది. ఊరి మీద బాంబులు వేస్తున్న ప్రభుత్వం నడిపే బడికి బిడ్డను పంపడమంటే ఎవరి పక్షమో చెప్పినట్టే. కాబూల్ వంటి నగరాల్లో 1980లలో పెద్ద సంఖ్యలో స్త్రీలు ఉపాధ్యాయులుగా, డాక్టర్లుగా, గుమాస్తాలుగా పనిచేశారు. అదే దశాబ్దంలో 50 లక్షలకు పైగా జనం పాకిస్తాన్‌కూ ఇరాన్‌కూ శరణార్థులై పోయారు. అక్కడి శిబిరాల్లో, మగవాడికి పొలం పోయి, ఊరు పోయి, గౌరవం చూపుకోవడానికి ఇంటి ఆడవాళ్ల పరదా ఒక్కటే మిగిలింది. పరదా ఊళ్లో ఉన్నప్పటికంటే బిగుసుకుంది. సంప్రదాయం అని మనం పిలిచేది చాలా వరకు ఇలా యుద్ధంలో తయారైందే.

ఈ యుద్ధంలో రెండో విదేశీ చెయ్యి అమెరికాది. పాకిస్తాన్ సైనిక గూఢచారి సంస్థ ద్వారా అమెరికా కుమ్మరించిన ఆయుధాల్లో పెద్ద వాటా గుల్బుద్దీన్ హిక్మత్యార్ వంటి కరుడుగట్టిన ఛాందసుడికి దక్కింది. 1983లో ముజాహిదీన్ల ప్రతినిధులను రీగన్ శ్వేతసౌధంలో కూర్చోబెట్టి మాట్లాడాడు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తయారు చేయించిన పాఠ్యపుస్తకాలు శిబిరాల పిల్లలకు తూటాలూ తుపాకుల బొమ్మలతో లెక్కలు నేర్పాయి. అప్పుడు అమెరికాకు అఫ్గాన్ స్త్రీ గుర్తుకు రాలేదు. సోవియట్ ఆక్రమణనూ ఛాందసులనూ ఏకకాలంలో ఎదిరించిన స్త్రీలు లేకపోలేదు. 1977లో అఫ్గాన్ విప్లవ మహిళా సంఘాన్ని, అంటే 'రావా'ను, స్థాపించిన మీనా 1987 ఫిబ్రవరిలో క్వెట్టాలో హత్యకు గురైంది. ఏ అగ్రరాజ్యమూ ఆమె వెనక లేదు.

సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. 1992లో ముజాహిదీన్ ముఠాలు కాబూల్‌ను పంచుకుని నాలుగేళ్లు కొట్టుకున్నాయి. ఇళ్ల మీద రాకెట్లు, వీధుల్లో అపహరణలు, అత్యాచారాలు. 1996 సెప్టెంబర్‌లో తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చినప్పుడు, కనీసం ఈ అరాచకం ఆగుతుందని కొందరు ఊపిరి పీల్చుకున్నారంటే కారణం ఇదే. ఆ తరవాత ఆడవాళ్లు ఉద్యోగాల్లోంచీ, ఆడపిల్లలు బడుల్లోంచీ గెంటివేయబడ్డారు.

2001 అక్టోబర్ 7న అమెరికా బాంబులు పడటం మొదలైంది. నవంబర్ 17న అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ ఉగ్రవాదం మీద పోరాటం స్త్రీల హక్కుల కోసం పోరాటం కూడా అని చెప్పింది. ఆ తరవాత ఇరవై ఏళ్లలో ఏమీ జరగలేదని అనడం అన్యాయం. ప్రాథమిక పాఠశాలల్లో ఆడపిల్లల సంఖ్య దాదాపు సున్నా నుంచి 2018 నాటికి 25 లక్షలకు చేరింది. 2004 రాజ్యాంగం స్త్రీ పురుషులకు సమాన హక్కులు ప్రకటించింది. దిగువ సభలోని 249 స్థానాల్లో 68 స్త్రీలకు కేటాయించారు. మన పార్లమెంటులో మహిళా రిజర్వేషన్ బిల్లు అప్పటికి ఏళ్ల తరబడి నానుతోంది. న్యాయమూర్తులుగా, విలేకరులుగా, పోలీసులుగా, మంత్రసానులుగా శిక్షణ పొందిన వేలమంది స్త్రీలు తయారయ్యారు. ఈ ఫలితం వాళ్ల కష్టంతో వచ్చింది. దాన్ని సైన్యం ఖాతాలో వేయడం వాళ్లకు చేసే అవమానం.

సైన్యం ఖాతాలో వేయవలసినవి వేరే ఉన్నాయి. తాలిబన్లను కూల్చడానికి నేల మీద మనుషులు కావాలి. అందుకు అమెరికా ఎంచుకున్నది 1992లో కాబూల్‌ను నేలమట్టం చేసిన ముఠా నాయకులనే. వాళ్లు మంత్రులూ గవర్నర్లూ అయ్యారు. హేరాత్ గవర్నరు ఇస్మాయిల్ ఖాన్ పాలనలో, బంధువు కాని మగవాడితో కనిపించిన ఆడపిల్లలను ఆస్పత్రికి పట్టుకుపోయి కన్యత్వ పరీక్షలు చేయించడాన్ని మానవ హక్కుల సంస్థలు 2002లోనే బయటపెట్టాయి. 2003 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో ఫరా రాష్ట్రపు యువతి మలలై జోయా లేచి, ఈ నేరస్తులను ఇక్కడ ఎందుకు కూర్చోబెట్టారని నిలదీసింది. సభ ఆమె మీద విరుచుకుపడింది. 2005లో జనం ఆమెను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. 2007లో సభ ఆమెను బహిష్కరించింది. విదేశీ సైన్యం కాపలా కాసిన పార్లమెంటు అది.

ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఆక్రమణ పని చేసే తీరే అది. పరాయి సైన్యానికి భాష రాదు, దారి తెలియదు, ఎవరు మిత్రుడో తెలియదు. ఊరిని అదుపులో ఉంచగల మగవాడు దానికి కావాలి. ఆ మగవాడు అడిగే మొదటి ధర తన ఇంట్లో, తన ఊళ్లో తన పెత్తనం జోలికి రావద్దని. ఆ ధర చెల్లించడం సైన్యానికి సులువు, ఎందుకంటే అది చెల్లించేది తన సొత్తు కాదు. 2009లో ఎన్నికల ముందు అధ్యక్షుడు కర్జాయ్ షియా స్త్రీల కుటుంబ చట్టం మీద సంతకం చేశాడు. భార్య భర్త కోరికను కాదనరాదు, అతని అనుమతి లేకుండా బయటికి వెళ్లరాదు అన్న నిబంధనలు మొదట అందులో ఉన్నాయి. ఏప్రిల్‌లో కాబూల్ వీధుల్లో నిరసన తెలిపిన స్త్రీల మీద రాళ్లు పడ్డాయి. ఆ స్త్రీల పట్టుదల వల్లే కొన్ని నిబంధనలు సడలాయి. అదే ఏడాది స్త్రీలపై హింస నిర్మూలన చట్టం అధ్యక్షుడి ఉత్తర్వుగా వచ్చింది. 2013లో దాన్ని పార్లమెంటు ముందు పెడితే సభ్యులు అది ఇస్లాంకు విరుద్ధమనీ పాశ్చాత్యులదనీ అడ్డుకున్నారు. అఫ్గాన్ స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడి రాయించుకున్న చట్టాన్ని విదేశీ సరుకు అని తోసేయడానికి విదేశీ సైన్యపు ఉనికే సాకు అయింది. ఇంట్లో హింస భరించలేక పారిపోయిన స్త్రీలను "నైతిక నేరం" కింద జైల్లో పెట్టడమూ సాగింది. 2012లో అలాంటి వాళ్లు సుమారు 400 మంది జైళ్లలో ఉన్నారు.

పల్లె స్త్రీకి ఈ యుద్ధం ఎలా కనిపించి ఉంటుంది? 2008 జూలై 6న నంగర్హార్ రాష్ట్రంలో పెళ్లివారి ఊరేగింపు మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. అఫ్గాన్ ప్రభుత్వ విచారణ ప్రకారం 47 మంది చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలూ పిల్లలే. పెళ్లికూతురు కూడా చనిపోయింది. 2015 అక్టోబర్ 3న కుందూజ్‌లో ఆస్పత్రి మీద బాంబులు వేసి 42 మందిని చంపారు. అర్ధరాత్రి తలుపులు పగలగొట్టి ఆడవాళ్ల గదుల్లోకి విదేశీ సైనికులు చొరబడటం మామూలైంది. ఇరవై ఏళ్లలో చనిపోయిన అఫ్గాన్ పౌరులు 46 వేలకు పైమాటేనని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క. వాళ్లలో తాలిబన్ల మందుపాతరలకూ ఆత్మాహుతి దాడులకూ బలైన వాళ్లూ ఎందరో ఉన్నారు. కాబూల్ స్త్రీకి ఈ ఇరవై ఏళ్లు తలుపు తెరుచుకున్న కాలం. దక్షిణ జిల్లాల పల్లె స్త్రీకి అదే కాలం కొడుకుల శవాలు మోసిన కాలం. ఒకే దేశపు స్త్రీలను ఇలా రెండుగా చీల్చిన యుద్ధం స్త్రీ విముక్తి తెస్తుందని నమ్మమన్నారు.

డబ్బు సంగతీ చెప్పాలి. పునర్నిర్మాణం పేరిట అమెరికా ఖర్చు చేసింది సుమారు 14,500 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా సైన్యానికీ పోలీసులకే పోయింది. 2014లో 'ప్రమోట్' అనే స్త్రీల పథకాన్ని ప్రపంచంలోనే అతి పెద్దదని చెప్పి మొదలుపెట్టారు. 75 వేలమంది స్త్రీలను నాయకురాళ్లను చేస్తామన్నారు. 2018లో అమెరికా ప్రభుత్వ తనిఖీ అధికారే ఆ పథకం ఏమి సాధించిందో చూపలేకపోయారని రాశాడు. ఇలా వచ్చిన డబ్బుతో సంస్థలు ఊరి ఆడవాళ్లకు జవాబు చెప్పడం మానేసి దాతలకు నివేదికలు రాయడం నేర్చుకుంటాయి. దాత వెళ్లిపోయిన రోజు సంస్థ బోర్డు కూడా దిగిపోతుంది.

చివరి అంకం 2020 ఫిబ్రవరి 29న దోహాలో జరిగింది. అమెరికా తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. అఫ్గాన్ ప్రభుత్వానికి అందులో చోటు లేదు. ఒప్పందంలో స్త్రీల హక్కుల ఊసే లేదు. ఎవరి పేరు చెప్పి యుద్ధం మొదలుపెట్టారో వాళ్ల పేరు సంధిలో లేకుండా పోయింది. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైంది. ఆ తరవాతి క్రమం మనకు తెలుసు. హైస్కూలు చదువు ఆగింది. 2022 డిసెంబర్‌లో విశ్వవిద్యాలయాలు మూశారు, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు నిషేధించారు. 2023లో బ్యూటీ పార్లర్లు మూయించారు. 2024 ఆగస్టులో స్త్రీ గొంతు కూడా బయటికి వినపడరాదని చట్టం చేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో నర్సు, మంత్రసాని శిక్షణ కూడా ఆపేశారు. మగ డాక్టరు దగ్గరికి స్త్రీని వెళ్లనివ్వని చోట మంత్రసాని చదువు కూడా లేకపోతే కాన్పులో తల్లులు చస్తారు.

జపాన్ సంగతేమిటని కొందరు అడుగుతారు. 1945లో ఓడిపోయాక అమెరికా ఆక్రమణలోనే అక్కడి స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది, 1946 ఏప్రిల్ ఎన్నికల్లో 39 మంది స్త్రీలు గెలిచారు, కొత్త రాజ్యాంగం వివాహంలో సమానత్వం రాసింది. నిజమే. కానీ ఇచికావా ఫుసయే వంటి స్త్రీలు 1920ల నుంచీ ఓటు కోసం సంఘాలు కట్టి పోరాడుతున్నారు. దేశం లొంగిపోయిన 1945 ఆగస్టులోనే వాళ్లు మళ్లీ కూడి తమ కోర్కెలు ముందుకు తెచ్చారు. అక్కడ యుద్ధం ముగిసింది, పల్లెల మీద బాంబులు ఆగాయి, భూసంస్కరణలు కౌలుదారుకు భూమి ఇచ్చాయి, ప్రభుత్వ యంత్రాంగం చెక్కుచెదరలేదు. స్త్రీలు అప్పటికే తట్టుతున్న తలుపు తెరుచుకుంది. అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్లూ యుద్ధమే నడిచింది.

ఇరాక్ ఇంకో సాక్ష్యం. 1958లో రాజరికాన్ని కూల్చుకున్న ఇరాకీలు మరుసటి ఏడాది అరబ్బు దేశాల్లో ముందు వరసలో నిలిచే కుటుంబ చట్టం చేసుకున్నారు. అదే ఏడాది నజీహా అల్ దులైమీ మంత్రి అయింది. 2003లో అమెరికా ఆక్రమించుకుని, మతాల వారీగా తెగల వారీగా అధికారం పంచింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే అమెరికా నియమించిన పాలక మండలి ఆ కుటుంబ చట్టాన్ని రద్దు చేయబోయింది. ఇరాకీ స్త్రీలు వీధుల్లోకి వచ్చి కొద్ది వారాల్లో దాన్ని వెనక్కి తీయించారు. కానీ తెరిచిన దారి మూసుకోలేదు. 2025 జనవరిలో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి కుటుంబ వ్యవహారాల్లో మతపెద్దల నియమావళికి చోటిచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లల పెళ్లిళ్లకు కూడా ఇది దారి తీస్తుందని అక్కడి మహిళా సంఘాలు మొత్తుకున్నాయి. విదేశీ సైన్యం సంప్రదాయ సమాజాన్ని ఆధునికం చేయలేకపోవడం ఒక్కటే కాదు, ఆ సమాజం తనంతట తాను సాధించుకున్న ఆధునికతను కూడా మతపెద్దల చేతిలో పెట్టి పోగలదు.

కాబట్టి మనం తేల్చుకోవలసింది ఇది. హక్కులు పాశ్చాత్యమైనవనే తాలిబన్ వాదనా, హక్కులు పాశ్చాత్య సైన్యంతోనే వస్తాయనే యుద్ధ వాదనా కవల పిల్లలు. ఒకదాన్ని తిరస్కరించడానికి రెండోదాన్ని నెత్తికెత్తుకోనక్కర్లేదు. పితృస్వామ్యం ఏ దేశానికీ సంస్కృతి కాదు, అది అధికారం. భూమి, నీరు, అప్పు, ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల చుట్టూ అల్లుకుంటుంది. ఆయుధాలు దింపేవాడు దాన్ని బలపరచగలడు గాని విప్పలేడు. విప్పగలిగింది ఆ ఇళ్లలో, ఆ ఊళ్లలో బతికే ఆడవాళ్లే. వాళ్లకు దానికి కాలం కావాలి, శాంతి కావాలి, తమ సంఘం కావాలి.

వాళ్లు ఆ పని ఆపలేదు కూడా. మొదటి తాలిబన్ పాలనలో హేరాత్ స్త్రీలు కుట్టుపని బడి పేరు పెట్టి లోపల సాహిత్యం చదువుకున్నారు. 1999లో కాబూల్ క్రీడా మైదానంలో ఒక స్త్రీని కాల్చి చంపడాన్ని రావా కార్యకర్తలు బుర్ఖా చాటున కెమెరా పెట్టి చిత్రించి ప్రపంచానికి చూపించారు. 2021 తరవాత "రొట్టె, పని, స్వేచ్ఛ" అంటూ కాబూల్ వీధుల్లో తాలిబన్ తుపాకుల ఎదుట నిలబడ్డారు. ఎందరో జైళ్ల పాలయ్యారు. ఇళ్లలో రహస్యంగా ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఆ ఊరేగింపులకు ఏ సైన్యమూ కాపలా లేదు.

మనం చేయగలిగింది ఏమిటి? 2025 జూలైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. అదే నెలలో అంతర్జాతీయ నేర న్యాయస్థానం స్త్రీలపై అణచివేత నేరానికి ఇద్దరు తాలిబన్ అగ్రనేతల మీద అరెస్టు వారెంట్లు జారీ చేసింది. ప్రపంచం ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో తేల్చుకునే సమయంలో మన ప్రభుత్వం స్నేహహస్తం చాపింది. ఆకలితో ఉన్న ప్రజలకు గోధుమలూ మందులూ పంపడాన్ని మనం కాదనం, దానికి మాట్లాడక తప్పదు. కానీ ఆ మాటల్లో ఆడపిల్లల చదువు మొదటి అంశంగా ఉండాలని అడగడం మన హక్కు. 2021 ఆగస్టులో మన ప్రభుత్వం అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నిటినీ రద్దు చేసింది. మన విశ్వవిద్యాలయాల్లో సీటున్న విద్యార్థులు అటే చిక్కుకుపోయారు. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ ఇతర చోట్లా అఫ్గాన్ విద్యార్థులు చదువుకున్న సంగతి మనకు తెలిసిందే. అక్కడ చదువు నిషేధించబడిన ఆడపిల్లలకు వీసా, ఉపకార వేతనం, హాస్టలు ఇవ్వడానికి విమానవాహక నౌకలు అక్కర్లేదు. ప్రభుత్వానికి ఇష్టం ఉంటే చాలు.

మన మహిళా సంఘాలు ఈ కోర్కెలతో విదేశాంగ శాఖకూ, విశ్వవిద్యాలయాల ఉపకులపతులకూ, మన ఎంపీలకూ ఉత్తరాలు రాయాలి. అఫ్గాన్ స్త్రీల దుస్థితిని మన దేశపు ముస్లింల మీద బురద జల్లడానికి వాడుకునే వాళ్లను అక్కడికక్కడే ఆపాలి. రేపు మరో దేశపు ఆడవాళ్ల పేరు చెప్పి మరో సైన్యం బయలుదేరితే, ఆ ఆడవాళ్లు ఏమంటున్నారని ముందు అడగాలి. వాళ్ల గొంతు వినపడకుండా వాళ్ల తరఫున ఎవరు మాట్లాడినా, అది మంత్రి అయినా సేనాధిపతి అయినా, మనం నమ్మనక్కర్లేదు.